కాసిం పేరు మీద రెండు రోజులు

భివండికి చూడటానికని ఎవరూ పోరు. పనికి పోతారు, లేదా పనికి పోయినవాళ్లను వెతుక్కుంటూ పోతారు. నేను మాత్రం చూడటానికే పోయాను. తిరిగొచ్చి పదిహేను రోజులైంది. ఇంకా కాలు ఒకచోట నిలవడం లేదు. అన్నం ముందు కూర్చుని మధ్యలో లేచి వాకిట్లోకి పోతున్నాను. "మనిషి అచ్చిండు గని పానం ఇంక రాలె" అని మా ఇంటామె అందరికీ చెప్తోంది. చెప్పనీ.

ముప్పై రెండేళ్లు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పాను. సరిహద్దుల పాఠం వస్తే గోడకు పటం వేలాడదీసి, గీత వెంబడి కర్ర జరుపుకుంటూ పోయేవాణ్ని. "సార్, గీత దాటితే ఏమైతది?" అని ఏ పిల్లవాడైనా అడిగితే "కూసో" అనేవాణ్ని. జవాబు నాకూ తెలియదు మరి. మన తెలంగాణకే ఒకప్పుడు అటువంటి గీత ఉండేదని మాత్రం చెప్పేవాణ్ని. నిజాం రాజ్యం దాటి ఇంగ్లీషువాళ్ల రాజ్యంలోకి పోవాలంటే కరోడ్‌గిరి నాకా దగ్గర మూట విప్పి చూపించి, సుంకం కట్టి కదలాలి. బొంబాయి మిల్లులకూ సోలాపూర్ మగ్గాలకూ మనవాళ్లు ఆ గీత దాటే పోయారు. ఉద్యోగం అయిపోయాక ఆ దాటినవాళ్ల మనవళ్లను అడిగి నాలుగు పేజీలు రాసుకుందామని బుద్ధి పుట్టింది. బొంబాయి దగ్గరి ఈ భివండిలో మా చిన్నమ్మ కొడుకు రాజేశం ఉన్నాడు. పైగా నలభై ఏళ్ల కింద, టీచరు ట్రైనింగుకు ముందు, నేనూ అక్కడ రెండేళ్లు సాంచాలు నడిపాను. సాంచా అంటే పవర్‌లూమే, మా దిక్కు అందరం అట్లాగే అంటాం. ఇంకేం కావాలి అనుకుని ఒక నల్ల అట్ట నోటుబుక్కు కొనుక్కుని బండెక్కాను.

కళ్యాణ్ బయట

శనివారం పొద్దున కళ్యాణ్‌లో దిగి షేర్ ఆటో ఎక్కాను. యాభై రూపాయలు. ముగ్గురు పట్టే సీట్లో నలుగురం, డ్రైవరు పక్కన ఇంకొకడు సగం గాలిలో. నా పక్కనున్న ముసలాయన ఒళ్లో నూలు సంచి, దాని మీద నా చేతిసంచి, దాని మీద ఎవరిదో టోపీ. మన దగ్గరైతే ఇంత దగ్గరగా కూర్చున్న మనిషిని "ఏ ఊరు?" అని అడక్కుండా ఉండం. అడిగాను. ఆయన నా మొహం ఒకసారి చూసి బయటికి తిరిగి కూర్చున్నాడు. పొగరుబోతు అనుకున్నాను. పొగరు ఎవరిదో తెలియడానికి నాకు ఇంకా రెండు రోజులు పట్టింది.

ధామన్కర్ నాకా దగ్గర దిగుతుంటే చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఒక చేతిలో చెప్పుతో నిలబడితే లారీలు, నూలు టెంపోలు, బస్సులు అన్నీ నన్నే తిట్టుకుంటూ పోతున్నట్టు హారన్లు. వడా పావ్ పదిహేను రూపాయలు. నా రోజుల్లో రూపాయికి వచ్చేది. మిరపకాయ మాత్రం అంతే ఘాటు. ఎక్కిళ్లు పడుతుంటే రాజేశం వచ్చి నా చేతిలోని చెప్పు లాక్కున్నాడు.

"ఏందన్నా, గట్ల ఒంటికాలి మీద నిలవడ్డవ్? ఫోన్ చేస్తే నేనే కళ్యాణ్ దాంక అద్దును గద!"

"నాకు తొవ్వ ఎరుకలేదా?"

"ఎరుకే. నలభై ఏండ్లకింది తొవ్వ" అని నవ్వాడు.

లచ్చవ్వ బిస్సీ

వాళ్లుండేది నార్పోలిలో. కింద గదిలో రాజేశం పెళ్లాం లచ్చవ్వ బిస్సీ నడుపుతుంది. బిస్సీ అంటే కూలీలకు రెండు పూటలా వండిపెట్టే మెస్సు. ఇరవై రెండు మంది తింటారు. పొద్దున జొన్నరొట్టె, పప్పు, సాయంత్రం అన్నం, చారు, శుక్రవారం కరెంటు సుట్టీ కాబట్టి మాంసం. సాంచాల దగ్గరికి పోయే డబ్బాలన్నీ గోడ కింద వరుసగా ఉన్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. ఒక్కో పిడికి ఒక్కో రంగు నూలుపోగు ముడేసి ఉంది.

"పేరు రాస్తె సదివెటోడు ఎవడు బావా?" అంది లచ్చవ్వ. "ఒగడు మనోడు, ఒగడు యూపీ, ఒగడు బెంగాల్. దారమైతె అందరికి ఎరుకే. రాజేశందేమో పసుపుది, కాసింది ఆకుపచ్చది. ఆ చూసుడు చాలు గని మీరు తినుండ్రి, రొట్టె సల్లవడ్తది."

పదో తరగతి చదివే వాళ్ల బిడ్డ సంధ్య మరాఠీ బడికి పోతుంది. నేను చరిత్ర చెప్పేవాణ్నని తెలిసి పుస్తకం పట్టుకొచ్చింది. "పెద్దబాపూ, మా బుక్కుల ఫాళణీ పాఠం ఉన్నది, పణ్ మ్యాడమ్ శిక్వలేచ్ నాహీ" అంది. దేశ విభజన పాఠముంది గానీ టీచరు చెప్పనే లేదట. పరీక్షలో రాదని వదిలేశారట. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో గంటసేపు పాఠం చెప్పాను. పాపం, సగంలోనే నిద్రపోయింది.

ఆ సాయంత్రం ఎనిమిదింటికి పాళీ, అంటే షిఫ్టు, మారేటప్పుడు రాజేశం వెంట కార్ఖానాకు పోయాను. దిన్ పాళీ కాసింది, రాత్ పాళీ రాజేశంది. ఇద్దరిదీ అవే ఆరు సాంచాల మీద పని. అటువంటివాణ్ని జోడీదార్ అంటారు. పగలు ఒకడు నడిపితే రాత్రి ఇంకొకడు. పడుకునే మంచం కూడా ఒక్కటే. లచ్చవ్వా బిడ్డా కింద బిస్సీలో పడుకుంటారు, పైనున్న చిన్న గది వీళ్లిద్దరిది. ఒకడు లేచిన వేడి పోకముందే ఇంకొకడు పడుకుంటాడు. ఆరేళ్లుగా అట్లా ఉంటూ, వాళ్లు కలిసి తినేది వారానికి ఒక్క శుక్రవారమే.

కాసిం సన్నగా ఉంటాడు, ముప్పై నాలుగేళ్లుంటాయి. చప్పుడులో మాట వినిపించక రాజేశం చెయ్యి పట్టుకుపోయి నాలుగో నంబరు సాంచా బట్ట మీద పెట్టాడు. ఎక్కడ పోగు జారుతోందో రాజేశం వేళ్లతోనే అర్థం చేసుకుని తలూపాడు. అన్నదమ్ములు కూడా ఇల్లు అంత పద్ధతిగా అప్పగించుకోరు.

టీ బండి

ఆదివారం నాలుగింటికి కాసిం టీకి బయటికి వచ్చాడు. పది రూపాయల కటింగ్ టీ ఇద్దరికీ చెప్పి, నేను నోటుబుక్కు తీశాను. తీయకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఏ ఊరు అన్నాను. కొంచెం ఆగి, బెంగాల్‌లో కూచ్‌బెహార్ దిక్కు అన్నాడు. సరిహద్దు పక్కనా? పక్కన కాదట. లోపల. తన ఊరి చుట్టూ నాలుగు వైపులా ఇండియానే, ఊరు మాత్రం బంగ్లాదేశ్ లెక్క. ఛిట్‌మహల్ అంటారు. పటంలో అటువంటి చుక్కలుంటాయని నేను చదివాను, చెప్పాను కూడా. వాటిలో ఒకదాంట్లో పుట్టిన మనిషి నా ఎదురుగా టీ ఊదుకుంటున్నాడు. నా ఒళ్లు పులకరించింది. పుస్తకపు పురుగుకు మనిషి దొరికితే అంతే.

ఊళ్లో బడి లేదు, దవాఖానా లేదు, కరెంటు లేదు. పొలం గట్టు దాటితే పరాయి దేశం. పది సంవత్సరాల కింద రెండు దేశాలూ ఆ ఊళ్లను మార్చుకున్నాయి. ఒక రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి వీళ్లు ఇండియా వాళ్లయ్యారు.

"హమ్ కహీ నహీ గయే మాస్టర్‌జీ, ముల్క్ చల్ కే ఆయా" అన్నాడు. మేమెక్కడికీ పోలేదు, దేశమే నడిచొచ్చింది అని. ఆ మాట అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను.

చదువుకున్నానన్నాడు, మరి బడి లేకుండా చదువెట్లా వచ్చింది అన్నాను. గొంతు తగ్గించి చెప్పాడు. గట్టుకు ఆవల ఇండియా ఊళ్లో ఒక రైతు ఉండేవాడట. బడిలో ఆ రైతు పేరే తండ్రి పేరుగా రాయించారట. ఛిట్‌మహల్ పిల్లలు చాలామంది అట్లాగే చదివారట. ఇప్పుడు కొత్త కార్డుల్లో సొంత తండ్రి పేరుంది, బడి కాగితంలో ఆ రైతు పేరుంది.

"అబ్బో! దో దో బాప్!" అన్నాను. ఇద్దరిద్దరు తండ్రులా అని.

నవ్వుతూనే అన్నాను, మెచ్చుకుంటూనే అన్నాను. కానీ బడిలో అలవాటైన గొంతు నాది, వెనక బెంచీదాకా వినిపించే గొంతు. బండి చుట్టూ ఉన్న పది మందీ తిరిగి చూశారు. కాసిం సగం టీ బల్ల మీద పెట్టి లేచాడు. నా నోటుబుక్కు వైపు ఒక్కసారి చూశాడు, అంతే.

ఖాళీ అయిన జాగా

సోమవారం పొద్దున కాసిం పనికి రాలేదు. గదిలో మంచం ఉంది, గోడకు అతని సంచి లేదు. ఫోను బంద్. డబ్బా కూడా వెంటే పోయింది.

లచ్చవ్వ ఊరుకోలేదు.

"బావా, మీరు పెద్దోళ్లు, అనద్దు గని అంటున్న. గా పిలగాన్ని బజార్ల నిలవెట్టి ఏమడిగిండ్రు? ఈ నెల పొంట పోలీసోళ్లు బంగ్లాదేశోళ్లు ఎవరని కాయిదాలు చూస్తుండ్రు. రూం మాలక్ మొన్ననే అందరియి జమ చేస్కున్నడు. ఈడ ఎవ్వలు ఎవ్వల్ని ఏ ఊరని అడగరు. ఏ పాళీ అని అడుగుతరు. గంతే."

గంతే. ఏ పాళీ. రెండు రోజులుగా నేను చూస్తూనే ఉన్నాను, వింటూనే ఉన్నాను. ఆటోలో ముసలాయన ఎందుకు మొహం తిప్పుకున్నాడో అప్పుడు తట్టింది. ఊరు అడగడం మా దగ్గర మర్యాద. అక్కడ అది విచారణ. నోటుబుక్కు పట్టుకుని తండ్రి పేరు అడిగే మనిషి ఎవరిలా కనిపిస్తాడో చరిత్ర చదివిన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? నా మీద నాకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం కార్ఖానాకు పోతే రాజేశం ఇంకా సాంచాల మధ్యనే ఉన్నాడు. రాత్రంతా నడిపి, పగలు కూడా నడుపుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముకాదం, అంటే కూలీల మీద పెద్ద, వచ్చి తేల్చి చెప్పాడు. రేపటికల్లా కాసిం జాగాలో బద్లీ నిలబడాలి. లేకుంటే సేఠు కొత్తవాణ్ని పెడతాడు. అప్పుడు కాసిం తిరిగొచ్చినా పని ఉండదు, పని లేకుంటే ఆ గదీ ఉండదు.

"బద్లీ ఉంటె జాగ పోదా?" అన్నాను.

"పోదన్నా. బద్లీవాడు అసలోని పేరు మీదనే చేస్తడు. ముకాదం పేరు పిలిస్తె ఆ పేరుకే పలుకుతడు. ఎన్ని దినాలైనా జాగ అసలోనిదే. గని ఇప్పుడు బద్లీని యాడ తేవాలె? మనోళ్లంత పెండ్లిళ్లకు ఊళ్లకు పోయిరి."

"నేను నిలబడ్త."

రాజేశం నన్ను కింద నుంచి మీది దాకా చూశాడు. "నీకు అరవై దాటింది, యాదికున్నదా?"

"చేతులకు ఎరుకలేదు గద" అన్నాను. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

నాలుగో నంబరు

మంగళవారం, బుధవారం నేను కాసింని. పొద్దున ఎనిమిదింటికి ముకాదం "కాసిం!" అని అరిస్తే "హా జీ!" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను.

నవ్వు గంటలో పోయింది. ఆరు సాంచాల్లో నాలుగే నడపగలిగాను. ముకాదం తిట్టాడు. నలభై ఏళ్ల కిందటి పని చేతులకు గుర్తుంది గానీ నడుముకు గుర్తు లేదు. ముక్కులోకి దూది పోయి తుమ్ముల మీద తుమ్ములు. తెగిన పోగు దొరకబుచ్చుకునేలోపు పక్క సాంచాలో ఇంకోటి తెగేది. నాలుగో నంబరు మరీ మొండిది. మంగళవారం మధ్యాహ్నం దాని నాడె, అంటే పోగును అటూ ఇటూ మోసే షటిల్, ఎగిరి నా చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలింది. జానెడు ఇటు తగిలితే ఈ కథనం రాసేవాడు ఉండేవాడు కాదు. కాసిం వస్తాడా, రాడా, వచ్చేదాకా నేను నిలుస్తానా అని పగలంతా ఒకటే గుబులు.

బుధవారం మూడింటికి ఒక ఎర్ర చొక్కా మనిషి తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో నల్ల ప్లాస్టిక్ సంచి. లోపలికి వచ్చి, నా దగ్గరే ఆగి, చప్పుడుకు మించి అరిచాడు.

"కాసిం కౌన్ హై?"

రెండు రోజులుగా పలుకుతున్న పేరే. అప్పుడు మాత్రం "హా జీ" అనలేదు. తనిఖీకి వచ్చాడనుకున్నాను. "కాసిం ఎవరో నాకు తెలవదు. నేను టీచర్ని. మాది తెలంగాణ" అని హిందీలో గబగబా చెప్పి, అడగకముందే జేబులోంచి ఆధార్ కార్డు తీసి అతని మొహం ముందు పెట్టాను. నా పేరు, నా తండ్రి పేరు, నా ఊరు, అన్నీ వేలితో చూపించాను.

ఆ మనిషి బిత్తరపోయి వెనక్కి జరిగాడు. సంచి స్టూలు మీద పెట్టి వచ్చినంత తొందరగా వెళ్లిపోయాడు.

ఊపిరి పీల్చుకుని సంచి విప్పాను. లోపల బిస్సీ డబ్బా. పిడికి ఆకుపచ్చ నూలుపోగు.

ధామన్కర్ నాకా

సాంచాలు ఆపి పరుగెత్తాను. ముకాదం ఏదో అరుస్తున్నాడు. లుంగీ మీద, తల నిండా దూదితో, శనివారం కుట్టించిన చెప్పు మళ్లీ తెగిపోతే దాన్ని అక్కడే వదిలేసి పరుగెత్తాను. కాసిం పంపిన మనిషిని నేనే భయపెట్టి పంపేశాను. వాడు పోయి "నీ జాగాలో ఎవడో కార్డు చూపించే మనిషి నిలబడ్డాడు" అని చెప్తే కాసిం ఈ జన్మలో నార్పోలి మొహం చూడడు.

ధామన్కర్ నాకాలో కళ్యాణ్ ఆటోల వరుస. మూడో ఆటోలో ఎర్ర చొక్కా. నన్ను చూసి డ్రైవరును తొందరపెట్టాడు. నేను ఆటోకు అడ్డంగా నిలబడ్డాను.

"కాసిం సే బాత్ కరా దో భయ్యా, నీ కాళ్లు మొక్కుతా" అన్నాను, సగం హిందీ, సగం తెలుగు. అరవై దాటినవాడు రోడ్డు మీద ఒంటి చెప్పుతో ఆయాసపడుతుంటే జాలి పుట్టిందేమో, ఫోను కలిపి ఇచ్చాడు. ఇతను కాసిం ఊరివాడే. కళ్యాణ్‌లో టైలరు. డబ్బా ఇచ్చి, తన పేరుకు ఎవరు పలుకుతున్నారో అడిగి, పరిస్థితి చూసి రమ్మని కాసిమే పంపాడట.

"కౌన్?" అంది అవతలి గొంతు.

మాస్టర్ని అందామనుకున్నాను. ఆ మాట నోట్లోంచి రాలేదు.

"తేరా బద్లీ బోల్ రహా హూ" అన్నాను. నీ బద్లీని మాట్లాడుతున్నాను అని.

పెట్టేస్తాడనుకున్నాను. కాసిం మెల్లగా అడిగాడు, నాలుగో నంబరు నాడె ఎగురుతోందా అని. ఎగురుతోంది, మంగళవారం నన్ను చంపబోయింది అన్నాను. దానికి కుడి పక్క తోలుపట్టీ అరిగింది, తాను వచ్చి మారుస్తాను, అప్పటిదాకా దాన్ని బంద్ పెట్టమన్నాడు. అక్కడే, ఆటోల మధ్య, నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం

గురువారం పొద్దున ఎనిమిదింటికి ముకాదం "కాసిం!" అంటే ఇద్దరం తలెత్తాం. నేను పక్కకు జరిగాను. అతని కాగితాలను నా కంటె బాగా సంధ్య సర్దింది. బడి కాగితం, కొత్త కార్డులు, ఊరు ఇండియాలో కలిసినప్పుడు ఇచ్చిన కాగితం, అన్నీ వరుసగా ఒక ఫైల్లో పెట్టింది. రూం మాలక్ దగ్గరికి రాజేశం, లచ్చవ్వ ఇద్దరూ వెంటపోయి, ఆరేళ్లుగా మా ఇంటి మనిషని చెప్పి వచ్చారు. మాలక్ సరే అన్నాడు. ఎంతకాలానికి సరే అన్నాడో ఎవరూ అడగలేదు.

శుక్రవారం అందరం ఒక్క వరుసలో మాంసం తిన్నాం. ముందుగా కాసింని క్షమించమన్నాను. ఆ తర్వాత, ముప్పై రెండేళ్లు ఏ పిల్లవాడికీ చెప్పని సంగతి చెప్పాను. రజాకార్ల రోజుల్లో మా నాయనమ్మ ఏడేళ్ల మా నాన్నను తీసుకుని గోదావరి దాటి సిరొంచకు పోయింది. ఆవలి ఒడ్డు అప్పుడు వేరే రాజ్యం. అక్కడ బడిలో తండ్రి పేరేమిటని అడిగితే, దాటించిన పడవాయన "నా కొడుకే, రాసుకో" అన్నాడు. గొడవ సద్దుమణిగి తిరిగొచ్చినా కాగితంలో ఆ పేరూ ఇంటిపేరూ మారలేదు. ఇప్పుడు నా ఆధార్ మీదున్న ఇంటిపేరు ఆ పడవాయనది. బుధవారం నేను గర్వంగా వేలు పెట్టి చూపించింది ఆ పేరే.

నువ్వూ నేనూ ఒక్కటే అని చెప్పాలని నా తాపత్రయం. కాసిం శ్రద్ధగా విన్నాడు. విని, మిమ్మల్ని ఎవరైనా అడిగారా అన్నాడు. లేదన్నాను. అరవై ఏళ్లలో ఒక్కసారి కూడానా? లేదన్నాను.

"ఆప్ సే కౌన్ పూఛేగా, మాస్టర్‌జీ?" అన్నాడు. మిమ్మల్ని ఎవరడుగుతారు అని. కోపం లేదు ఆ మాటలో. అంటూనే తన కంచంలోని మంచి ముక్క తీసి నాకు వేశాడు. గీత పోయినంత మాత్రాన అడగడం పోదని, అది మనిషిని బట్టి ఉంటుందని నా పాఠంలో ఎన్నడూ లేదు.

శనివారం బయలుదేరేటప్పుడు నోటుబుక్కు అతని చేతికిచ్చి, చించేస్తే చించెయ్ అన్నాను. తిరగేశాడు. తెలుగు రాదు, అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. రాసుకోండి, కానీ నా పేరు వద్దు అన్నాడు. అందుకే ఇందులో కాసిం అన్నది అతని పేరు కాదు. మరి ఏం పేరు పెట్టమంటావని అడిగాను.

"కుఛ్ భీ రఖో" అన్నాడు. ఏదో ఒకటి పెట్టండి, నాకు అలవాటే.